తన సరకును గీటురాయిపై నుంచిన వర్తకుడు: గిల్బర్టు బ్రిగ్సు

బంగారము కొనబోవువాడు రెండు నగలను ప్రక్కప్రక్కన నుంచి, ఏది మిక్కిలిగా మెఱయుచున్నదో చూచి దానినే కొనినచో మోసపోవుట కవకాశము గలదు. మెఱయునది పూత కావచ్చును. రెండును ఇత్తడియే కావచ్చును. అందుచేతనే పెద్దలు గీటురాయిని కల్పించిరి. మేలిమి బంగారపు గీటు ప్రక్కన నగ గీటును చూచినప్పుడే దాని విలువ తేటపడును. లౌడుస్పీకర్ల విషయమునను ఇట్టి చిక్కే కలదు. ఇంటిలో సంగీతము వినుటకై గత శతాబ్దపు నడిమి కాలమున తయారైన విలువగల లౌడుస్పీకర్లను సంపాదించి, వానిలో ఏది మొదటిది, ఏది రెండవది యని రసికులు నేటికిని వాదించుచునే యున్నారు. ఒకదానిని మఱియొకదానితో పోల్చుటయే కాని, ఆ రెంటిని దేనితో పోల్చవలయునని అడుగువారు తక్కువ. ఆ ప్రశ్నను అడిగి, దానికి సమాధానముగా తన సరకునే వేలమంది యెదుట పరీక్షకు పెట్టిన వర్తకుడొకడు ఇంగ్లండు దేశమున నుండెను. ఆయన పేరు గిల్బర్టు ఆర్థరు బ్రిగ్సు.

బ్రిగ్సు 1890వ సంవత్సరమున యార్కుషైరులోని బ్రాడుఫోర్డు ప్రాంతమున జన్మించెను. బ్రాడుఫోర్డు ఆ కాలమున ఉన్నిబట్టల నేతకు లోకప్రసిద్ధి గాంచిన పట్టణము. గొఱ్ఱె ఉన్నిని దువ్వి, వడికి, నేసి, రంగులద్ది దేశదేశములకు పంపుట అచ్చటి వారికి జీవనాధారము. బ్రిగ్సును ఆ వ్యాపారముననే ప్రవేశించి తన యౌవనము నందే గడపెను. ఆయన ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు కాడు. విద్యుచ్ఛాస్త్రమున పట్టము పొందినవాడును కాడు. కాని బట్టల వర్తకము ఆయనకొక విద్యను నేర్పెను. మాదిరి గుడ్డను చేత బట్టుకొని, వచ్చిన తానును దానితో సరిచూచి, నేత యందును రంగునందును లేశమైన భేదమున్నను కనిపెట్టుట ఆ వర్తకమున నిత్యకృత్యము. మాదిరి లేనిదే సరకును మెచ్చుటయు, తెగడుటయు వ్యర్థమను సంగతి అట్టి వర్తకునకు వేఱుగ బోధింప నక్కఱలేదు.

ఆయనకు సంగీతమన్న ప్రాణము. అందును పియానో యన్న మఱింత మక్కువ. పియానో యెంత విశాలమైన వాద్యమో యిచట కొంచెము చెప్పుట యవసరము. దానికి 88 మెట్లుండును. అన్నింటికంటె క్రింది మెట్టును నొక్కినప్పుడు తీగ సెకనుకు 27 సార్లకు మించి కంపించును. పై చివరి మెట్టు నొక్కినప్పుడు 4,000 సార్లకు మించి కంపించును. ఇవిగాక ప్రతి స్వరముతోను అంతకంటె హెచ్చైన అనుస్వరములు పుట్టుచుండును. సుత్తి తీగను తాకినప్పుడు పుట్టు చిన్న దెబ్బ, స్వరము మెల్లగా సన్నగిల్లి మాయమగుట, పీటచెక్క గంభీరముగ మ్రోయుట, ఇవి యన్నియు కలిసినగాని పియానో పియానోవలె వినబడదు. ఇట్టి వాద్యమునకు అలవాటు పడిన చెవికి ఆ దినములలోని గ్రామఫోనులును రేడియోలును ఎంత వెలితిగా తోచి యుండునో ఊహింపవచ్చును.

బ్రిటనులో రేడియో ప్రసారములు 1922లో ఆరంభమయ్యెను. మొదట పలువురు చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని వినుచుండిరి. పిమ్మట బూరవంటి కొమ్ములు వచ్చెను. వానిలో పాట ముక్కుతో పాడినట్లుండెడిది. 1925లో అమెరికా దేశమున చెస్టరు రైసు, ఎడ్వర్డు కెల్లాగు అను నిరువురు ఇంజనీర్లు నేటి లౌడుస్పీకరునకు మూలమైన విధానమును ప్రకటించిరి. దాని పద్ధతి సులభముగనే బోధపడును. బలమైన అయస్కాంతపు సందులో సన్నని తీగచుట్ట యొకటి వ్రేలాడుచుండును. ఆ చుట్ట ఒక కాగితపు శంఖువునకు అంటింపబడి యుండును. సంగీతమును మోసికొని వచ్చు విద్యుత్ప్రవాహము చుట్టలో ప్రవహింపగనే, అయస్కాంతబలముచేత చుట్ట ముందునకును వెనుకకును కదలును. దానితో కాగితమును కదలి గాలిని కదలించును. ఆ గాలి కదలికయే మన చెవికి పాటయగును.

పద్ధతి సులభమే కాని పని సులభము కాదు. కాగితము ముందునకు నెట్టిన గాలియు, వెనుకకు లాగిన గాలియు అంచుచుట్టి కలిసికొనినచో మంద్రస్వరములు ఒకదానినొకటి రద్దు చేసికొని మాయమగును. అందుచేత లౌడుస్పీకరును పలకపై గాని పెట్టెలో గాని బిగింపవలయును. పెట్టెలో బిగించినచో ఆ పెట్టె చెక్కలే మ్రోయ నారంభించును. కాగితము బరువైనచో తారస్వరములు మొద్దుబాఱును. పలుచనైనచో మంద్రస్వరములకు అది తాళలేక వంకరలు పోవును. ఒక దోషమును దిద్దబోయిన మఱియొక దోషము తలయెత్తును. లౌడుస్పీకరు చేయువాని జీవితమంతయు ఈ దోషములతో బేరమాడుటయే.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము కొలది కాలములోనే లోకమంతయు వ్యాపించెను. దేశాంతరముల కొనుగోళ్లు తగ్గుటచే బ్రాడుఫోర్డు ఉన్నివ్యాపారము క్షీణించెను. నలువది యేండ్లు దాటిన బ్రిగ్సునకు తనకు తెలిసిన వృత్తి కండ్లయెదుట కరగిపోవుట కనబడెను. ఆ యీడున పలువురు ఉన్నదానిని అంటిపెట్టుకొని గండము గడచునేమో యని చూతురు. ఆయన అట్లు చేయలేదు. 1932లో ఇల్క్లీ యను చిన్న పట్టణమునందలి తన యింటి నేలమాళిగలో ఒక లౌడుస్పీకరును తయారు చేసెను. ఇల్క్లీ పట్టణము వార్ఫు నది ప్రవహించు లోయలో నున్నది. ఆ లోయను వార్ఫుడేలు అందురు. తన చిన్న పరిశ్రమకు బ్రిగ్సు ఆ లోయ పేరునే పెట్టి వార్ఫుడేలు వైర్‌లెస్ వర్క్సు అనెను. పేరు పెద్దదే కాని, స్థలము నేలమాళిగ. పెట్టుబడి బట్టల వ్యాపారమున మిగిలినది. ఉపాధ్యాయుడు తన చెవి.

ఆ మఱుసటి యేడు, అనగా 1933లో, బ్రాడుఫోర్డు రేడియో సంఘమువారు లౌడుస్పీకర్ల పోటీ నొకదానిని జరిపిరి. బ్రిగ్సు తన లౌడుస్పీకర్లను అందులోనికి పంపెను. మొదటి బహుమతియు రెండవ బహుమతియు ఆయనకే లభించెను. నేలమాళిగలో పుట్టిన సరకునకు ఇంతకంటె గొప్ప ప్రకటన యేమి కావలయును? కొనువారు వెదకికొని వచ్చిరి. పని యింటిని దాటి కార్ఖానాలోనికి ప్రవేశించెను. యుద్ధానంతరము బ్రాడుఫోర్డు శివారులోని ఐడిలు అను చోట గల వార్ఫుడేలు కార్ఖానా చిరునామా దేశదేశముల సంగీతప్రియులకు పరిచితమయ్యెను.

ఇతరుడైనచో ఆ రెండు బహుమతులను గోడకు తగిలించి జీవితాంతము వానినే చూపుకొనుచు వ్యాపారము చేసెడివాడేమో. కాని లౌడుస్పీకరును లౌడుస్పీకరుతో పోల్చి గెలుచుట యెంత సందేహాస్పదమైన గెలుపో ఆలోచించినవారికి తెలియును. రెండింటిని వరుసగ వినిపించినప్పుడు ఏది కొంచెము బిగ్గరగా మ్రోగునో అదియే మేలైనదని చెవికి తోచును. అంతమాత్రపు హెచ్చును వినువాడు గుఱుతింపడు. ధ్వని బాగున్నదని మాత్రమే యనుకొనును. కొంచెము తీక్ష్ణమైన తారస్వరములు గలది మొదటి అయిదు నిమిషములు మిక్కిలి తేటగా వినబడి, అరగంట గడచునప్పటికి తలనొప్పి తెచ్చును. గది మూలలో పెట్టినదానికి మంద్రము హెచ్చును. నడుమ పెట్టినదానికి తగ్గును. అదిగాక చెవికి జ్ఞాపకశక్తి స్వల్పము. నిన్న విన్నదానిని నేడు విన్నదానితో పోల్చునప్పుడు మనము పోల్చునది శబ్దమును కాదు, మన యభిప్రాయమును. ఇక చేసినవాని సంగతి చెప్పనేల? కాకిపిల్ల కాకికి ముద్దు.

అందుచేత బ్రిగ్సు బహుమతులతో తృప్తి నొందక దోషముల వేటలో పడెను. కాగితపు శంఖువు అంచును గుడ్డతో చేసి, అది స్వేచ్ఛగా కదలునట్లును, అంచునొద్ద కంపనములు తిరుగుముఖము పట్టకుండునట్లును ఏర్పఱచెను. బట్టల వర్తకునకు గుడ్డ తోచుట సహజమే కదా! తారస్వరములు పలుకు లౌడుస్పీకర్లకు రాగితీగకు బదులు తేలికయైన అల్యూమినియము తీగను చుట్టించెను. బరువు తగ్గినకొలది చుట్ట వేగముగ కదలగలదు. 1945 నాటికి మంద్రమునకొకటి, తారమునకొకటిగా రెండు లౌడుస్పీకర్లను జతపఱచు పద్ధతిని ఇండ్లలో వినువారికి అనువుగా రూపొందించెను. ఇట్టి జంటలు సినిమాశాలలలో అంతకుముందే యుండెను. ఇందులో వచ్చు ప్రవాహమును రెండు పాయలుగా చీల్చవలయును. తీగచుట్ట మంద్రమును పోనిచ్చి తారమును అడ్డగించును, కండెన్సరు తారమును పోనిచ్చి మంద్రమును అడ్డగించును. కాలువ తూములవలె ఇవి యెవరి నీరు వారికి చేర్చును.

పెట్టె చెక్కలు మ్రోయుటను మాన్పుటకు ఆయన కనుగొనిన ఉపాయము వినుటకు మిక్కిలి సామాన్యమైనది. రెండు పలుచని చెక్కపలకల నడుమ ఎండు ఇసుకను నింపించెను. చెక్క కంపింపబోయినచో ఇసుక రేణువులు ఒకదానితో నొకటి ఒరసికొని ఆ కంపనమును మ్రింగివేయును. ఓపిక గలవారికి ఇటుకలతో గది మూలలోనే లౌడుస్పీకరు గూడు కట్టుకొనుడని కూడ ఆయన సలహా నిచ్చెను. ఇటుకగోడ మ్రోయదు కదా! 1950 తరువాత వచ్చిన ఆయన పేరుమోసిన ఇసుకపలక లౌడుస్పీకరులో మూడు శంఖువులుండెను. వానిలో తారము పలుకు చిన్నది ఆకాశమువైపు తిరిగి యుండెను. తారస్వరములు వినువాని చెవిలోనికి బాణమువలె దూసికొని రాక, గదినంతయు వ్యాపించి చేరవలయునని దాని యుద్దేశ్యము.

1948లో ఆయన లౌడుస్పీకర్లనుగూర్చి ఒక గ్రంథము వ్రాసి, తన కార్ఖానా పేరుతోనే ప్రకటించెను. 1949లో ధ్వనిపునరుత్పత్తిని గూర్చి మఱియొక గ్రంథము వెలువడెను. 1951లో పియానోలను గూర్చియు, 1952లో హెచ్. హెచ్. గార్నరు అను సహరచయితతో కలిసి ఆంప్లిఫయర్లను గూర్చియు వ్రాసెను. కార్ఖానాదారులు తమ రహస్యములను దాచుకొనుట లోకరీతి. ఈయన లౌడుస్పీకరు ఎట్లు పనిచేయునో, ఏల చెడునో, పెట్టెను ఇంటియొద్దనే ఎట్లు చేసికొనవచ్చునో గణితశాస్త్రము రానివానికి సయితము బోధపడునట్లు హాస్యము కలిపి వ్రాసెను. తాను పట్టభద్రుడను కానన్న సంగతిని దాచలేదు. తనకు రాని గణితమును వచ్చినవారిచేత సరిచూపించుకొనెను. తెలిసిన కొనుగోలుదారుడు తన సరకును నిశితముగ పరీక్షించునని ఎఱిగియు, కొనుగోలుదారునకు పరీక్షించు విద్య నేర్పిన వర్తకులు ఎందఱుందురు?

ఇక ఆయన జీవితమున ముఖ్యమైన ఘట్టమునకు వత్తము. గాయకుని పాటను యంత్రపు పాటతో ప్రక్కప్రక్కన వినిపించుట బ్రిగ్సునకు పూర్వమే జరిగినది. 1915 మొదలు అమెరికాలో థామసు ఎడిసను కంపెనీవారు తమ గ్రామఫోనును వేదికపై నుంచి, అన్నా కేసు మొదలగు గాయనీగాయకులచేత దాని ప్రక్కన పాడించిరి. నడుమ గాయని నోరు మూసికొనగా యంత్రమే పాడుచుండెడిది. శ్రోతలు భేదము కనిపెట్టలేక ఆశ్చర్యపడిరని పత్రికలు వ్రాసెను. కాని గాయని తన గొంతును యంత్రపు గొంతునకు సరిపడునట్లు తగ్గించి పాడెడిదని తరువాతి కాలమున బయటపడినది. అనగా నగను మేలిమి బంగారముతో పోల్చుటకు బదులు, మేలిమి బంగారమునకే కొంత ఇత్తడి కలిపి సరిచేసిరన్నమాట. పరీక్ష యను పేరున జరిగినది ప్రకటనయే. బ్రిగ్సు ఆ త్రోవ త్రొక్కగోరలేదు.

1954వ సంవత్సరము నవంబరు 1వ తేదీన లండను నగరమున రాయల్ ఫెస్టివలు హాలునందు ఆయన తన పరీక్షను ఏర్పాటు చేసెను. ఆ హాలు 1951లో తెఱవబడినది. సుమారు 3,000 మంది కూర్చుండుటకు వీలుగలది. దానికి ఇంటి గదులలో పెట్టుకొను లౌడుస్పీకర్లను కొనిపోయి నిలుపుట యెంత సాహసమో ఆలోచింపుడు. వానికి శక్తినిచ్చు ఆంప్లిఫయర్లు పీటరు వాకరు అను మిత్రునివి. క్వాడు అను పేరు గలవి. ఒక్కొక్కదాని శక్తి 15 వాట్లు మాత్రమే. నేడు మన వీధులలో పెండ్లి ఊరేగింపులకు వాడు యంత్రములతో పోల్చినచో అవి ఎంత? వేదికపై ఒక వైపున పియానో, ఆర్గను వంటి వాద్యములను వాయించువారు. వేఱొక వైపున మాటలేని చెక్కపెట్టెలు. వాద్యకారుడు ఒక కీర్తనభాగమును వాయించును. వెంటనే ముందు రికార్డు చేసి యుంచిన అదే వాద్యము లౌడుస్పీకర్లనుండి వినబడును. చెవికి మఱచుటకు వ్యవధి లేదు. చేతికంకణమునకు అద్దమేల?

అచ్చట ఓడిపోయినచో నష్టము సామాన్యమైనది కాదు. పోటీలో రెండవ బహుమతి వచ్చినను గౌరవమే మిగులును. కాని నిజమైన వాద్యముతో పోటీ పడినవానికి గెలుపు లేనే లేదు. ఎంత దగ్గఱగా వచ్చెనన్నదే లెక్క. తన పెరుగు పుల్లనని చెప్పు అమ్మకందారుడుండడు. కాని యీ వర్తకుడు పెరుగు ప్రక్కన పాలకుండనే తెచ్చి యుంచి, రుచి చూడుడని 3,000 మందిని పిలిచెను. ఇరువది రెండేండ్ల శ్రమయు, కార్ఖానాయు, అందులో పనిచేయువారి జీవనమును, గ్రంథముల వలన వచ్చిన పేరును ఒక్క సాయంకాలమున తక్కెడలో నుంచుటయే అది.

పరీక్షలో కొన్ని ఘట్టములు మిక్కిలి దగ్గఱగా నుండెను. కొన్నింటిలో భేదము వినబడెను. అట్లుండుటకు కారణములును గలవు. రికార్డు చేసిన గదిలోని ప్రతిధ్వని రికార్డులో నిలిచి యుండును. అది మరల హాలులో మ్రోగునప్పుడు ఆ హాలు ప్రతిధ్వనియు తోడగును. నిజమైన పియానో ధ్వని దాని పలక, మూత, అడుగుభాగము అన్నింటినుండియు నలుదెసలకు వెడలును. లౌడుస్పీకరు ధ్వని ముఖ్యముగా ముందువైపునకే వచ్చును. అయినను ఇంటి లౌడుస్పీకర్లు అంత పెద్ద సభను నింపి, ప్రాణముగల వాద్యము ప్రక్కన పరిహాసపాత్రము కాక నిలువగలుగుట శ్రోతలకు అపూర్వముగ తోచెను. ఆ పరీక్షను 1955, 1956 సంవత్సరములలోను ఫెస్టివలు హాలునందే మరల జరిపిరి. 1955 అక్టోబరులో బ్రిగ్సు సముద్రము దాటి, న్యూయార్కు నగరమందలి కార్నెగీ హాలులో అమెరికా శ్రోతల యెదుటను ఇట్టి పరీక్షకు తన సరకును నిలిపెను.

ఇందు పీటరు వాకరు సంగతి విశేషముగ చెప్పదగినది. ఆయన వార్ఫుడేలునకు సహాయకుడే కాదు, కాబోవు ప్రతిస్పర్ధియు. ఆ దినములలోనే వాకరు అయస్కాంతముగాని కాగితపు శంఖువుగాని లేని క్రొత్త లౌడుస్పీకరును సాధించుటకు శ్రమించుచుండెను. విద్యుదావేశము గల అతి పలుచని ప్లాస్టికు పొర రెండు పలకల నడుమ కంపించి శబ్దము నిచ్చుట దాని పద్ధతి. అది 1957లో అమ్మకమునకు వచ్చెను. మనుష్యకంఠమును, తంత్రీవాద్యములను అది పలుకు తేటదనమునకు సాటిరాగలవి నేటికిని అరుదని ఎందఱో అందురు. ఇట్టి పనిలో నున్న మిత్రుని ప్రక్కన నిలుపుకొని ఒకే వేదికపై బ్రిగ్సు పని చేసెను. అసూయ ఉన్నచోట ఇది సాధ్యమగునా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. ఆ కాలపు లౌడుస్పీకర్లలో ఏది మొదటిది? అమెరికాలో పాలు క్లిప్షు చేసిన మూల లౌడుస్పీకరు గది గోడలనే తన కొమ్ములో భాగముగ చేసికొని, స్వల్పమైన శక్తితో మహాధ్వనిని పుట్టించును. బాకాలు, మృదంగము వంటి వాద్యముల విసురు దానిలో చక్కగా వినబడును. కాని దానికి తగిన మూలలు గల గది కావలయును. లండను నగరమునందలి టానాయి వారు 1947లో చూపిన లౌడుస్పీకరులో మంద్రమును తారమును ఒకే కేంద్రమునుండి వెలువడును. అందుచే ధ్వని రెండు చోట్ల చీలినట్లు తోపదు. వాకరు చేసిన దానికి తేటదనము మెండు; మంద్రపు లోతును బిగ్గరతనమును కొఱత. అమెరికాలో ఎడ్గరు విల్చరు 1954లో వెలువఱచిన చిన్న పెట్టెలో, మూసిన గాలియే స్ప్రింగువలె పనిచేసి, మునుపు బీరువా యంత పెట్టెకే సాధ్యమైన మంద్రమును పుస్తకముల అఱలో పట్టునంతటి పెట్టె యిచ్చెను. కాని దానికి ఎక్కువ శక్తిగల ఆంప్లిఫయరు కావలయును. బ్రిగ్సు ఇసుకపలకకు సహజమైన మృదుత్వము గుణము. స్థలము ఎక్కువగా ఆక్రమించుట దోషము.

ఇట్లు చూచినచో మొదటి స్థానము ఒక్కదానికే ఇచ్చుట న్యాయము కాదు. తబలా మేలా, వేణువు మేలా యని అడుగుట వంటిదే అది. కాని అన్నియు సమానమే యని చేతులు ముడుచుకొనుటయు న్యాయము కాదు. ప్రతిదానిని నిజమైన వాద్యము ప్రక్కన నిలిపి, ఇది కంఠమును ఎంత దాచినది, ఇది పియానో మంద్రమును ఎంత పోగొట్టినది, ఇది లేనిదానిని ఎంత కల్పించినది యని అడుగవచ్చును. అప్పుడు ఒక్కొక్క వాద్యము విషయమున ఒక్కొక్క క్రమము నిజముగ ఏర్పడును. 1959 తరువాత విల్చరు కంపెనీవారును తంత్రీవాద్యకారుల బృందమును రప్పించి, నడుమ వారి వాద్యములు ఆగి లౌడుస్పీకర్లు అందుకొనునట్లు అమెరికాలోని పలు పట్టణములలో సభలు జరిపిరి. బ్రిగ్సు త్రొక్కిన బాట రాచబాటయైనదని దీనివలన తెలియుచున్నది.

బ్రిగ్సు తనకంటె శాస్త్రము తెలిసినవారిని చేరదీయుటకు ఎన్నడును వెనుదీయలేదు. 1955లో రేమండు కుకు అను ఇంజనీరు వార్ఫుడేలున చేరెను. ఆయన తరువాత అచటినుండి వెడలి 1961లో కెఫ్ అను స్వంత కంపెనీని స్థాపించి, లౌడుస్పీకర్ల శాస్త్రమున మిక్కిలి పేరు గాంచెను. 1958లో బ్రిగ్సు తన సంస్థను ర్యాంకు ఆర్గనైజేషను వారికి విక్రయించెను. అమ్మిన తరువాతను కొన్ని యేండ్లు ఆ పని చూచుచునే యుండెను. కలమును మాత్రము విడువలేదు. 1961లో శబ్దశాస్త్రమున కృషి చేసినవారి జీవితములను ఒక గ్రంథముగ కూర్చెను. అందు తనవారితోపాటు తన ప్రతిస్పర్ధులకును చోటిచ్చెను.

ఆయన కడపటి గ్రంథములలో నొకటి 1967లో వెలువడినది. అది లౌడుస్పీకర్లను గూర్చి కాదు, మనుష్యుల వినికిడిని గూర్చినది. ఆరోగ్యము గల బాలుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వఱకు గల కంపనములను వినగలదు. వయస్సు వచ్చినకొలది పై స్వరములు ఒక్కొక్కటిగ మాయమగును; మాయమగుచున్నట్లు మనకు తెలియనే తెలియదు. జీవితమంతయు చెవినే నమ్ముకొని బ్రదికిన మనుష్యుడు వార్ధక్యమున ఆ చెవి లోపములను గూర్చియే గ్రంథము వ్రాయుట గమనింపదగినది. పెట్టెను పరీక్షించినవాడు తుదకు పరీక్షించు సాధనమునే పరీక్షకు పెట్టెను. 1978లో, తన 87వ యేట, బ్రిగ్సు పరమపదించెను. ఆయన పెట్టిన వార్ఫుడేలు అను పేరు చేతులు మాఱినను నేటికిని లౌడుస్పీకర్లపై కనబడుచునే యున్నది.

బాలబాలికలారా! ఈ చరిత్రమునుండి మీరు గ్రహింపదగినది లౌడుస్పీకర్లకు మాత్రమే సంబంధించినది కాదు. తరగతిలో ప్రక్కవానికంటె రెండు మార్కులు హెచ్చుగ వచ్చినవని సంతోషించుట బ్రాడుఫోర్డు బహుమతి వంటిది. అది చెడ్డది కాదు. నేలమాళిగనుండి బయటకు వచ్చుటకు అట్టి బహుమతియు కావలసినదే. కాని ప్రక్కవాడును లెక్క తప్పుచేసి యుండవచ్చును గదా! నేను వానికంటె మేలా యను ప్రశ్న తీరిన తరువాత, నేను చేసినది నిజమునకు ఎంత దగ్గఱగా నున్నది యను ప్రశ్న మిగిలియే యుండును. ఆ రెండవ ప్రశ్నను తన్ను తాను అడుగుకొనుట కష్టము. పదిమంది యెదుట అడుగుకొనుట మఱింత కష్టము. నలువది యేండ్లు దాటిన పిమ్మట క్రొత్త విద్య నేర్చి, అఱువదినాలుగవ యేడు రాకముందే ఆ ప్రశ్నను 3,000 మంది యెదుట అడిగి, వచ్చిన జవాబును తలవంచి స్వీకరించిన వానిని తలచుకొనునప్పుడు, మన చిన్న పరీక్షలకు మనము జంకుట కొంత తగ్గవలయును.